పట్టుదల వేరు, భరించడం వేరు: ఒక రష్యన్ స్కేటర్ జీవితం నుంచి మనకు



పిల్లల్ని డాన్సుకో, స్విమ్మింగ్‌కో, బ్యాడ్మింటన్‌కో, ట్యూషన్‌కో చేర్పించేటప్పుడు మనలో చాలామంది నోట వచ్చే మాట ఒకటుంది. "సార్, మీరు తిట్టినా కొట్టినా ఫర్వాలేదు, మావాడు బాగుపడితే చాలు." ఆ మాటలో పిల్లవాడి మీద ప్రేమ ఉంది, గురువు మీద నమ్మకం ఉంది. కానీ పక్కనే నిలబడి వింటున్న ఆ పిల్లవాడికి అది ఇంకోలా అర్థమవుతుంది. "ఇక్కడ నాకేం జరిగినా ఇంట్లో చెప్పి లాభం లేదు" అని.

కష్టపడకుండా ఏదీ రాదని మనకు తెలుసు. పిల్లలకూ రోజూ అదే చెబుతాం. అయితే కష్టపడటానికీ, బాధను నోరు మూసుకుని భరించడానికీ మధ్య గీత ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ నెల ఒక క్రీడాకారిణి జీవితాన్ని ఎంచుకున్నాం. ఆమె పేరు ఎలెనా బెరెజ్నాయా. రష్యాకు చెందిన జంట ఫిగర్ స్కేటర్. 18 ఏళ్ల వయసులో తలకు తగిలిన గాయంతో నడక, మాట రెండూ కోల్పోయింది. 20 ఏళ్లకు ఒలింపిక్ రజతం, ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. 24 ఏళ్లకు ఒలింపిక్ చాంపియన్ అయింది. ఈ మూడు వాక్యాలు చదివితే "చూశారా, పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే" అనిపిస్తుంది. నిజమే. కానీ ఆమె జీవితంలో మనం నేర్చుకోవాల్సింది అంతకంటే ఎక్కువ ఉంది.

జంట స్కేటింగ్ అంటే ఏమిటి?

మన పిల్లలు కాలనీ రోడ్ల మీదా, పార్కుల్లోనూ చేసేది రోలర్ స్కేటింగ్, అంటే చక్రాల మీద. ఫిగర్ స్కేటింగ్ మంచు మీద జరుగుతుంది. బూటు అడుగున సన్నని ఉక్కు బ్లేడు ఉంటుంది. ఆ బ్లేడు అంచుల మీదే జారుతూ, తిరుగుతూ, గాలిలోకి ఎగరాలి. పెద్ద పోటీలు జరిగే ఐస్ రింక్ సుమారు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది.

జంట విభాగంలో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసి సంగీతానికి అనుగుణంగా స్కేటింగ్ చేస్తారు. ఇద్దరూ పక్కపక్కనే ఒకేసారి ఎగరాలి, ఒకేసారి దిగాలి. అబ్బాయి అమ్మాయిని తల మీదుగా పైకెత్తి, వేగంగా జారుతూ తిప్పుతాడు. ట్విస్ట్ అనే అంశంలో ఆమెను గాలిలోకి విసురుతాడు, ఆమె గిరగిరా తిరిగి వచ్చేలోపు పట్టుకుంటాడు. త్రో జంప్‌లో అతను విసిరితే ఆమె దూరంగా వెళ్లి ఒంటికాలి మీద దిగుతుంది. డెత్ స్పైరల్‌లో అతను మధ్యలో నిలిచి ఒంటిచేత్తో పట్టుకుంటే, ఆమె తల దాదాపు మంచును తాకేంత కిందికి వాలి అతని చుట్టూ తిరుగుతుంది.

ఈ వివరాలు ఎందుకంటే, ఇదంతా నమ్మకం మీద నడిచే ఆట. పైకెత్తిన మనిషి వదిలేస్తే కింద పడేది గట్టి మంచు మీద. భాగస్వామిని చూసి భయపడే స్కేటర్‌కు ఈ ఆటలో ప్రతి క్షణం రెట్టింపు ప్రమాదమే.

జంట స్కేటింగ్ మన తెలుగువాళ్లకు పూర్తిగా పరాయిదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా 2010లో చైనాలోని గ్వాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో రోలర్ స్కేట్ల మీద ఇలాంటి విన్యాసాలే చేసి, వ్యక్తిగత విభాగంలో ఒకటి, అవనీ పంచాల్‌తో కలిసి జంట విభాగంలో ఒకటి, రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. చక్రాలైనా, బ్లేడైనా, భాగస్వామిని నమ్మక తప్పదు.

చిన్న ఊరి అమ్మాయి, పెద్ద నగరం

ఎలెనా 1977 అక్టోబర్ 11న దక్షిణ రష్యాలో స్టావ్రోపోల్ ప్రాంతంలోని నెవిన్నోమిస్క్ అనే పారిశ్రామిక పట్టణంలో పుట్టింది. చాలా చిన్న వయసులోనే స్కేట్లు కట్టుకుంది. సన్నగా, తేలిగ్గా ఉండే అమ్మాయిలకు జంట స్కేటింగ్‌లో గిరాకీ ఎక్కువ. ప్రతిభ కనిపించడంతో టీనేజీ మొదట్లోనే ఇల్లు వదిలి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మాస్కోకు శిక్షణ కోసం వెళ్లింది.

ఈ పరిస్థితి మనకు కొత్తగా అనిపించదు. మంచి కోచింగ్ కోసం, మంచి కాలేజీ కోసం పిల్లల్ని హాస్టల్‌కు పంపే ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఇంటికి దూరంగా ఉన్న పిల్లకు శిక్షణ ఇచ్చేవాళ్లే ప్రపంచం. వాళ్లు మంచివాళ్లయితే అదృష్టం. కాకపోతే చెప్పుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు.

అక్కడ ఆమెకు ఒలెగ్ ష్ల్యాఖోవ్ అనే, తనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన స్కేటర్ భాగస్వామి అయ్యాడు. సోవియట్ యూనియన్ విడిపోయాక అతను లాత్వియా తరఫున ఆడేవాడు కాబట్టి ఆమె కూడా ఆ దేశం తరఫునే ఆడింది. 1994లో నార్వేలోని లిల్లెహామర్ ఒలింపిక్స్‌లో ఈ జంట 8వ స్థానంలో నిలిచింది. అప్పటికి ఆమె వయసు 16. బయటినుంచి చూస్తే ఇంకేం కావాలి? పదహారేళ్లకే ఒలింపిక్స్, అందులో మొదటి పది మందిలో చోటు.

లోపలి సంగతి వేరు. వాళ్లను దగ్గరగా చూసినవాళ్లు ఆ తర్వాత పత్రికలకు చెప్పినదాన్ని బట్టి, సాధనలో తప్పు జరిగితే అతను ఆమె మీద అరిచేవాడు, చేయి కూడా చేసుకునేవాడు. ఆమె భరించింది. మరో భాగస్వామి దొరకడం అంత తేలిక కాదు. ఇల్లు దూరం. పైగా ఫలితాలు వస్తున్నాయి. ఫలితాలు వస్తున్నంత కాలం పెద్దవాళ్లు ఎవరూ ప్రశ్నలు అడగరు. మార్కులు బాగా వస్తున్న పిల్లల విషయంలో మనం చేసేదీ ఇదే కదా.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మరో దారి

1995లో ఈ జంట సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తమారా మోస్క్వినా దగ్గరకు వెళ్లింది. ఫిగర్ స్కేటింగ్ ప్రపంచంలో ఆమె పేరు తెలియనివాళ్లు ఉండరు. తానూ ఒకప్పుడు జంట స్కేటరే. 1969లో అలెక్సీ మిషిన్‌తో కలిసి ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం గెలిచింది. కోచ్‌గా 1984లోనూ, 1992లోనూ తన శిష్యుల జంటలను ఒలింపిక్ చాంపియన్లను చేసింది.

అదే రింక్‌లో ఆంటన్ సిఖరులిద్జే అనే కుర్రాడు ఉండేవాడు. ఎలెనా కంటే ఏడాది పెద్ద. మరియా పెట్రోవాతో కలిసి 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ జూనియర్ చాంపియన్. అతనితో ఎలెనాకు స్నేహం కుదిరింది. తనతో మర్యాదగా మాట్లాడే మనిషి, పడితే లేపే మనిషి ఉంటాడన్న సంగతి ఆమెకు కళ్ల ముందే కనిపించింది. ఇది చిన్న విషయం కాదు. ఎప్పుడూ గద్దింపులే విన్న పిల్లలకు, నేర్చుకోవడం ఇంకోలా కూడా ఉంటుందని తెలియదు. ఒక్కసారి వేరేది చూస్తేనే తమకు జరుగుతున్నది మామూలు విషయం కాదని అర్థమవుతుంది.

1996 జనవరి, రీగా

పోటీల సీజన్ మధ్యలో ఎలెనా, ష్ల్యాఖోవ్ లాత్వియా రాజధాని రీగాలో సాధన చేస్తున్నారు. చేస్తున్నది క్యామెల్ స్పిన్. ఈ స్పిన్‌లో స్కేటర్ ఒంటికాలి మీద తిరుగుతూ, నడుమును ముందుకు వంచి, రెండో కాలిని వెనక్కి నేలకు సమాంతరంగా చాపుతారు. జంటలో ఇద్దరూ పక్కపక్కనే ఇలా తిరుగుతారు. అంటే చాపిన కాలి బ్లేడు, ముందుకు వంగిన పక్క మనిషి తల ఎత్తులోనే గాలిని కోస్తూ తిరుగుతుంది. ఇద్దరి మధ్య దూరం కాస్త తగ్గితే చాలు.

ఆ రోజు దూరం తగ్గింది. అతని బ్లేడు ఆమె తలకు పక్కనుంచి తగిలి పుర్రె ఎముకను చీల్చింది. ఎముక ముక్కలు మెదడు దాకా వెళ్లాయి. మెదడుకు శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. ప్రాణం దక్కింది కానీ మాట పడిపోయింది. శరీరం ఒక పక్క పట్టు తప్పింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. అది సాధనలో జరిగిన ప్రమాదం. ఎంతో మంచి జంటల్లో కూడా ఇలాంటి ప్రమాదాలు జరిగాయి. ప్రమాదాన్నీ, అంతకుముందు నుంచీ ఉన్న దురుసు ప్రవర్తననూ కలిపేయకూడదు. అలాగే, ప్రమాదం జరిగింది కాబట్టి మాత్రమే ఆ దురుసుతనం తప్పయిందని కూడా అనుకోకూడదు. రీగాలో ఏమీ జరగకపోయినా, ఒక అమ్మాయి రోజూ భయపడుతూ సాధనకు వెళ్లడం తప్పే. దాన్ని ఆపడానికి తలకు గాయమయ్యేదాకా ఆగాల్సిన అవసరం లేదు.

మళ్లీ మొదటి అడుగు

వార్త తెలిసి సిఖరులిద్జే రీగా వెళ్లాడు. ఎలెనా తల్లి కూడా వచ్చింది. ఆస్పత్రిలో ఆమె పక్కన ఉన్నారు. కోలుకునే క్రమంలో ఆమె మాట మళ్లీ నేర్చుకుంది. నడక మళ్లీ నేర్చుకుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చింది. లాత్వియా జంట అక్కడితో ముగిసింది. ఇకపై ఆమె భాగస్వామి సిఖరులిద్జే, దేశం రష్యా, కోచ్ మోస్క్వినా.

తిరిగి రింక్‌లోకి అడుగుపెట్టినప్పుడు పతకాల మాట లేదు. జంప్‌లు లేవు. చెయ్యి పట్టుకుని మెల్లగా జారడమే. మోస్క్వినా దృష్టిలో మంచు మీద ఆ కదలిక కూడా చికిత్సలో భాగమే. మెదడుకు గాయమైన మనిషికి శరీరం మీద పట్టు తిరిగి రావాలంటే, శరీరానికి బాగా తెలిసిన పనిని నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చేయించాలి. నాలుగేళ్ల పిల్లగా నేర్చుకున్నదాన్ని పద్దెనిమిదేళ్ల యువతిగా మళ్లీ మొదటినుంచి నేర్చుకుంది.

తల్లిదండ్రులుగా మనం ఇక్కడ ఆగి చూడాల్సింది వేగాన్ని కాదు, వరసను. ముందు ప్రాణం. తర్వాత మాట, నడక. తర్వాత మంచు మీద నిలబడటం. తర్వాత జారడం. ఆ తర్వాతే జంప్‌లు, లిఫ్ట్‌లు. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు స్కూలుకు రాని పిల్ల తిరిగి వచ్చిన సోమవారమే "ఎన్ని చాప్టర్లు మిస్సయ్యావో చూడు" అని మొదలుపెట్టే అలవాటు మనకుంది. మిస్సయినవి ఎలాగూ పూర్తిచేయవచ్చు. మొదటి వారం పిల్ల మళ్లీ క్లాసులో కుదురుగా కూర్చోగలిగితే, అదే ఆ వారానికి విజయం.

ఫలితాలు ఎలా వచ్చాయి?

ప్రమాదం జరిగి ఏడాది తిరిగేసరికి, 1997 జనవరిలో పారిస్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో ఈ కొత్త జంట కాంస్యం గెలిచింది. అదే సీజన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మాత్రం 9వ స్థానం. మన రిపోర్టు కార్డు భాషలో చెప్పాలంటే మూడో ర్యాంకు నుంచి తొమ్మిదికి పడిపోయారు. ఎవరూ జంటను విడదీయలేదు, కోచ్‌ను మార్చలేదు. సాధన కొనసాగింది.

1998లో మిలాన్‌లో యూరోపియన్ స్వర్ణం. ఫిబ్రవరిలో జపాన్‌లోని నగానోలో ఒలింపిక్ రజతం. స్వర్ణం గెలిచిన ఒక్సానా కజకోవా, ఆర్తూర్ ద్మీత్రియెవ్ జంట కూడా మోస్క్వినా శిష్యులే. ఒకే రింక్‌లో, ఒకే కోచ్ దగ్గర సాధన చేసే రెండు జంటలు ఒలింపిక్స్‌లో మొదటి రెండు స్థానాలు తీసుకున్నాయి. పక్క పిల్ల బాగా చదివితే మన పిల్ల వెనకపడుతుందనుకునే మనకు ఇదొక మంచి ఉదాహరణ. అదే ఏడాది అమెరికాలోని మినియాపోలిస్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం. 1999లో హెల్సింకీలో మళ్లీ ప్రపంచ స్వర్ణం.

చేతులు చాపి మంచు మీద ఎంతో మృదువుగా జారే జంటగా వీళ్లకు పేరు వచ్చింది. ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం ఆటలోనే కనిపించేదని చూసినవాళ్లు అంటారు. ప్రతిభ మునుపూ ఉంది, శ్రమ మునుపూ ఉంది. మారింది పక్కనున్న మనుషులు.

ఒక దగ్గు మందు చేసిన పని

2000లో వియన్నాలో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో ఈ జంట మొదటి స్థానంలో నిలిచింది. ఆ తర్వాత జరిపిన పరీక్షలో ఎలెనా నమూనాలో సూడోఎఫెడ్రిన్ అనే పదార్థం బయటపడింది. బ్రాంకైటిస్ కోసం వాడిన మందులో అది ఉంది. జలుబు, ముక్కు దిబ్బడ మందుల్లో మామూలుగా ఉండేదే, కానీ అప్పటి నిబంధనల ప్రకారం పోటీల సమయంలో నిషిద్ధం. టైటిల్ పోయింది. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌కు కూడా దూరమయ్యారు.

రాష్ట్ర, జాతీయ స్థాయి పోటీలకు వెళ్లే పిల్లల తల్లిదండ్రులు ఈ విషయం గుర్తుంచుకోవాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న సిరప్, బంధువులు చెప్పిన మాత్ర, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్, ఏదీ పోటీల ముందు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకండి. డాక్టర్‌కు కూడా "మా పాప పోటీల్లో ఆడుతుంది" అని ముందే చెప్పండి.

2001లో వాళ్లు మళ్లీ యూరోపియన్ చాంపియన్లు అయ్యారు. ప్రపంచ పోటీల్లో కెనడా జంట జామీ సాలే, డేవిడ్ పెల్టియే వాళ్లను దాటి స్వర్ణం గెలిచారు. తర్వాతి ఏడాది ఒలింపిక్స్‌లో మళ్లీ ఈ రెండు జంటలే ఎదురెదురుగా నిలిచాయి.

సాల్ట్ లేక్ సిటీ: ఐదు, నాలుగు

2002 ఫిబ్రవరిలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ. జంటల విభాగంలో 1964 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ సోవియట్, రష్యా స్కేటర్లే స్వర్ణం గెలుస్తూ వస్తున్నారు. ఆ బరువంతా ఎలెనా, సిఖరులిద్జేల భుజాల మీద ఉంది. ఫైనల్ ప్రదర్శనలో సిఖరులిద్జే ఒక జంప్ నుంచి దిగేటప్పుడు తడబడ్డాడు. కెనడా జంట తప్పు లేకుండా ముగించింది. తొమ్మిది మంది న్యాయనిర్ణేతల్లో ఐదుగురు రష్యా జంటకు, నలుగురు కెనడా జంటకు మొదటి స్థానం ఇచ్చారు.

స్టేడియం గగ్గోలెత్తింది. మర్నాటికే ఫ్రాన్స్ న్యాయనిర్ణేత మీద ఒత్తిడి వచ్చిందన్న ఆరోపణ బయటికి వచ్చింది. కొద్ది రోజుల్లోనే కెనడా జంటకు కూడా స్వర్ణం ఇవ్వాలని నిర్ణయించారు. రష్యా జంట తప్పేమీ లేదు కాబట్టి వాళ్ల స్వర్ణం వాళ్ల దగ్గరే ఉంది. ఫిబ్రవరి 17న రెండు జంటలూ ఒకే వేదిక మీద నిలబడ్డాయి. తర్వాత ఫ్రాన్స్ న్యాయనిర్ణేతనూ, ఆ దేశ స్కేటింగ్ ఫెడరేషన్ అధ్యక్షుడినీ మూడేళ్లు సస్పెండ్ చేశారు.

ఎలెనా వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి. మాట, నడక కోల్పోయి తిరిగి వచ్చిన అమ్మాయి జీవితంలో అతి పెద్ద రోజు. ప్రపంచమంతా ఆ పతకం నీది కాదంటోంది. తప్పు చేసింది ఆమె కాదు, మార్కులు వేసినవాళ్ల మీద వచ్చిన అనుమానం అది. ఆ తర్వాత ఈ జంట పోటీల నుంచి తప్పుకుని ప్రదర్శనల వైపు వెళ్లింది. అమెరికాలోని స్టార్స్ ఆన్ ఐస్ ప్రదర్శనల్లో కెనడా జంటతో కలిసి ఒకే బృందంలో స్కేటింగ్ చేశారు. పెద్దవాళ్లు చేసిన గొడవను ఆ నలుగురు తమ మధ్యకు రానివ్వలేదు.

మార్కుల పద్ధతే మారింది

అప్పటివరకూ ఫిగర్ స్కేటింగ్‌లో 6.0 గరిష్ఠ మార్కు. ప్రతి న్యాయనిర్ణేత సాంకేతిక నైపుణ్యానికి ఒకటి, ప్రదర్శనకు ఒకటి, రెండే మార్కులు వేసేవారు. వాటిని బట్టి ర్యాంకులు. 5.8 ఎందుకు వచ్చిందో, 5.9 ఎందుకు రాలేదో స్కేటర్‌కు తెలిసేది కాదు. 2002 వివాదం తర్వాత అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ ఆ పద్ధతిని తీసేసింది. 2006 టురిన్ ఒలింపిక్స్ నాటికి కొత్త పద్ధతి వచ్చింది. అందులో ప్రతి జంప్‌కు, ప్రతి లిఫ్ట్‌కు, ప్రతి స్పిన్‌కు ముందే నిర్ణయించిన విలువ ఉంటుంది. దాన్ని ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి మార్కులు కలుస్తాయి, లేదా తగ్గుతాయి. ప్రదర్శన ముగిశాక ఏ అంశానికి ఎంత వచ్చిందో స్కేటర్ కాగితం మీద చూసుకోవచ్చు.

పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మీరూ ఇదే పద్ధతి పాటించండి. మొత్తం మార్కులు, ర్యాంకు అనేవి పాత 6.0 లాంటివి. వాటిని బట్టి పిల్ల ఎక్కడ తడబడిందో తెలియదు. గణితంలో 62 అంటే భిన్నాలు రావడం లేదా? ప్రశ్న సరిగా చదవడం లేదా? టైమ్ చాలలేదా? ఆ వివరం అడగండి. ఆన్సర్ షీటు చూపించమనండి. ఏ అంశంలో ఎంత పోయిందో తెలిస్తే పిల్లకూ దారి కనిపిస్తుంది.

గట్టిగా నేర్పడం, బాధపెట్టడం: తేడా ఎలా తెలుస్తుంది?

ఎలెనా జీవితంలో రెండో భాగం తేలికగా గడిచిందనుకోకండి. ఒలింపిక్ చాంపియన్లను తయారుచేసే రింక్‌లో క్రమశిక్షణ లేకుండా కుదరదు. కష్టపెట్టని చోట పిల్లల్ని చేర్పించమని మేం చెప్పడం లేదు. ఏది క్రమశిక్షణో, ఏది హింసో గమనించడానికి కొన్ని గుర్తులు చెబుతున్నాం.

మంచి గురువు తప్పును దిద్దుతారు. "మోకాలు ఇంకాస్త వంచు" అంటారు. బాధపెట్టే మనిషి పిల్లనే తప్పుపడతాడు. "నువ్వెందుకూ పనికిరావు" అంటాడు.

మంచి గురువు క్లాసులో పెద్దవాళ్లు వచ్చి చూడవచ్చు. తలుపులు మూసి, "పేరెంట్స్ రాకూడదు, నేను చూసుకుంటా" అని ఎప్పుడూ అనే చోట కాస్త జాగ్రత్త పడండి.

మంచి చోట పిల్లలు "నొప్పిగా ఉంది సార్" అని చెప్పగలరు. చెప్పాక ఆట ఆగుతుంది. చెడ్డ చోట అదే మాటకు నవ్వులో, తిట్లో ఎదురవుతాయి.

కష్టమైన రోజు తర్వాత కూడా మంచి గురువు దగ్గరకు పిల్లలు మర్నాడు వెళతారు, అలసటగానే అయినా. భయం ఉన్నచోటికి వెళ్లే రోజున మాత్రం పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది. బ్యాగ్ సర్దుకోవడం ఆలస్యమవుతుంది. ఎంతో ఇష్టపడి చేరిన ఆట గురించి అడిగితే మాట మార్చేస్తారు. ఇవి ఒకసారి జరిగితే బద్ధకం కావచ్చు. వారం తర్వాత వారం జరుగుతుంటే అడిగి తెలుసుకోవాలి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "సార్ కొడుతున్నాడా?" అని సూటిగా అడిగితే చాలామంది పిల్లలు "లేదు" అనేస్తారు. ఆట మాన్పించేస్తారని భయం. "ఈరోజు తప్పు చేస్తే ఏమైంది? ఎవరైనా ఏడ్చారా? సార్ ఏమన్నారు?" అని మామూలుగా, అన్నం తింటూనో, బండి మీద వస్తూనో అడగండి. విన్న వెంటనే ఫోన్ తీసి గొడవకు దిగకండి. అలాగని "అడ్జస్ట్ అవ్వు" అని తోసెయ్యకండి. ముందు పూర్తిగా వినండి, తర్వాత ఆ సంస్థ బాధ్యులతో మాట్లాడండి.

అవసరమైతే గురువును మార్చండి. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోతారు. ఫీజు కట్టేశాం, ఏడాది మధ్యలో మారిస్తే నష్టం, పిల్ల ఓడిపోయిందనుకుంటారు అని. ఎలెనా భాగస్వామిని మార్చింది, ఏ దేశం తరఫున ఆడాలన్నదీ మార్చుకుంది. స్కేటింగ్‌ను మాత్రం వదల్లేదు. మనుషుల్ని మార్చడం ఆట మానేయడం కాదు.

చట్టం కూడా మీ వైపే ఉంది. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపులనూ నిషేధిస్తోంది. పిల్లలకు ఎక్కడ హాని జరుగుతున్నా, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పిల్లలు కూడా చేయవచ్చు. ఈ నంబరు మీ పిల్లలకు నోటికి రావాలి.

ఆటల ప్రపంచం కూడా నెమ్మదిగా మారుతోంది. ఫిగర్ స్కేటింగ్ సీనియర్ పోటీల్లో పాల్గొనడానికి కనీస వయసును 15 నుంచి 17కు పెంచాలని 2022లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ తీర్మానించింది. పిల్లల శరీరానికీ, మనసుకూ రక్షణ కావాలన్నది దాని ఉద్దేశం. ఆ నిబంధన అప్పుడే ఉండి ఉంటే, 16 ఏళ్ల ఎలెనా లిల్లెహామర్‌లో సీనియర్లతో పోటీ పడేది కాదు.

ఈ నెల ఇంట్లో చేయాల్సినవి

ఒకటి. మీ పాప లేదా బాబు వెళ్లే కోచింగ్, ఆట, డాన్సు క్లాసుకు ఈ నెలలో ఒకసారి ముందే చెప్పకుండా వెళ్లి పావుగంట కూర్చుని చూడండి. మీ పిల్లనే కాదు, తప్పు చేసిన పక్క పిల్లతో ఎలా మాట్లాడుతున్నారో చూడండి.

రెండు. ఒక ఆదివారం ఎలెనా, సిఖరులిద్జే జంట ప్రదర్శన వీడియో పిల్లలతో కలిసి చూడండి. చూశాక ఆమె కథ చెప్పండి. "నీకు ఆమె స్థానంలో ఎవరికి చెప్పాలనిపించేది?" అని అడగండి. జవాబులో మీ పేరు వస్తే సంతోషించండి. రాకపోతే నొచ్చుకోకండి, ఎవరి పేరు వచ్చిందో గుర్తుపెట్టుకోండి. ఆ మనిషి మీ పిల్లకు అండ.

మూడు. కొత్త క్లాసులో చేర్పించేటప్పుడు "కొట్టినా ఫర్వాలేదు" అనే మాట ఇక మానేద్దాం. దాని బదులు పిల్ల వింటుండగా ఇలా చెబుదాం: "బాగా కష్టపెట్టండి సార్. ఏదైనా ఇబ్బంది ఉంటే మా పాప మాతో చెబుతుంది, మేం మీతో మాట్లాడతాం." గురువుకు మర్యాదా తగ్గదు, పిల్లకు ధైర్యమూ వస్తుంది.